నలభై గజాల గరిక

మార్చి 10, 2024, ఆదివారం

బెంగళూరులో తాగే నీళ్ళతో తోట తడిపినా, కారు కడిగినా 5,000 రూపాయల జరిమానా. పేపరు మడిచి పక్కన పెట్టినా ఆ వార్తే మెదులుతోంది. మన బోరు కూడా పొద్దున కాసేపు పోసి గాలి కొడుతోంది. హైదరాబాద్ శివారు గుండ్లపోచంపల్లిలో ఇల్లు అనగానే చుట్టాలు అడిగిన మొదటి మాట నీళ్ళ గురించే.

ఇంటి ముందు నలభై గజాల జాగా. బిల్డరు పరిపించి ఇచ్చిన మెక్సికన్ గడ్డి. గోడ నీడ పడేచోట పలచబడి మట్టి తేలింది. ఎండ పడేచోట గరిక కింది నుంచి పొడుచుకొచ్చి సగం ఆక్రమించింది. నర్సరీ అబ్బాయి వచ్చి చూసి, "గరిక పట్టింది సార్. మొత్తం తవ్వేసి కొత్తది పరుద్దాం" అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను.

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఇంటామె వరండా కుర్చీ దాటలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం, "మెత్తటి నేల ఉంటే మంచిదమ్మా, బండల మీద భయపడుతూ నడుస్తారు" అంది. ఆమె గడ్డి వైపు చూసింది. నేనూ చూశాను.

మార్చి 28, గురువారం

నిన్న రాత్రి ఉప్పల్‌లో ఐపీఎల్ మ్యాచ్. సన్‌రైజర్స్ 277 పరుగులు. కాలనీలో పన్నెండు దాటినా పటాకులు ఆగలేదు. టెక్సాస్ నుంచి మనవడి ఫోను: "తాతా, చూశావా!"

చూశాను. బంతి దొర్లిన ప్రతిసారీ కింద గడ్డినే చూశాను. మన దేశంలో క్రికెట్ మైదానాల్లో ఎక్కువగా పరిచేది బెర్ముడా. అంటే గరిక, లేదా దాని సంకరాలు. అంతమంది పరుగెత్తి, జారి, పడి, మేకుల బూట్లతో తొక్కినా తట్టుకుంటుందనే కదా దాన్ని ఎంచుకున్నది.

నాయిన జీవితమంతా చేనులోంచి పీకి గట్టు మీద పారేసింది దీన్నే.

ఏప్రిల్ 9, మంగళవారం, ఉగాది

క్రోధి నామ సంవత్సరం. పచ్చడిలో వేపపువ్వు ఈసారి మన చెట్టుదే.

గడ్డి గోధుమ రంగుకు తిరిగింది. పక్కింటాయన గేటు దగ్గర నిలబడి, "సార్, మీ లాన్ పోయినట్టుంది" అన్నారు. మనసున్న మనిషి, బాధగానే అన్నారు.

ఆయన వెళ్ళాక ఒక తీగ పట్టి గోటితో గీరాను. లోపల తెల్లగా, కొంచెం పచ్చగా, తడిగా. కణుపు దగ్గర మొలక సూదంత. పోలేదు. నీళ్ళు లేనప్పుడు ఆకును వదులుకుని, భూమి లోపలి కాండంలో ప్రాణం దాచుకోవడం దాని పద్ధతి. ముప్పై ఏళ్ళు పిల్లలకు బోర్డు మీద కాండాల బొమ్మలు గీసి చెప్పిన పాఠం. అప్పుడు అది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న.

వేసవిలో గడ్డి ఎండితే భయమెందుకు? అన్ని నెలలూ పచ్చగానే ఉండాలని ఎవరు పెట్టిన నియమం?

ఏప్రిల్ 21, ఆదివారం

శామీర్‌పేట వైపు వెళ్ళినప్పుడు గడ్డి పండించే చేను ఒకటి చూశాను. మొన్నటిదాకా వరి వేసిన మడి. ఇప్పుడు మడి నిండా లాన్ గడ్డి. పారతో చదరాలుగా కోసి, వేళ్ళకు అంగుళం మందాన మట్టితో లేపి, ఆటోలో ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. ఒక ఆడకూతురు తల మీద గోనెపట్టా వేసుకుని మోస్తోంది. మట్టి బరువు ఎంతుంటుందో నాకు తెలుసు.

రైతు మంచిగా మాట్లాడాడు. "వరికి రేటొస్తదో రాదో సారూ. గడ్డికైతే ఫంక్షన్ హాళ్ళోళ్ళు, విల్లాలోళ్ళు ఇంటికొచ్చి కొంటరు." నిజమే. ఆయన బతుకు ఆయన చూసుకోవాలి. అయినా ఒక మాట అడిగాను. కోసిన ప్రతిసారీ అంగుళం మట్టి పోతోంది కదా, అది తిరిగి ఎక్కడి నుంచి వస్తుంది?

"చెరువు మట్టి కొట్టిస్తం సారూ" అన్నాడు.

చెరువులు ఉన్నంత కాలం.

మే 8, బుధవారం

నిన్న సాయంత్రం ఒక్కసారిగా కమ్ముకుని కొట్టింది. గాలికి వేపకొమ్మ విరిగింది. గడ్డిలో నీళ్ళు నిలిచి, పావుగంటలో ఇంకిపోయాయి. కరెంటు లేదు. చీకట్లో వరండాలో కూర్చుని ఇద్దరం ఆ వాసన పీల్చాం. ఎన్ని రోజులకు వాన...

పొద్దున పేపరు. బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు పోయారు. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూలికి వచ్చినవాళ్ళు. అందులో నాలుగేళ్ళ పిల్లవాడు. ఇక్కడికి ఎంత దూరం బాచుపల్లి? అదే మబ్బు.

ఈ ఇంటి గోడలు కట్టినవాళ్ళు ఎక్కడున్నారో.

ఈ రోజు గడ్డి వైపు వెళ్ళలేదు.

మే 13, సోమవారం

ఓటు వేసి వచ్చాం. ఆమె కర్ర పట్టుకుని బూత్ గేటు నుంచి లోపలిదాకా నడిచింది. వరుసలో ముందు నిలబడ్డ కుర్రాడు, "రా అమ్మా, ముందుకు రా" అని దారిచ్చాడు. తిరిగి వచ్చాక చెప్పులు వరండాలో విడిచి, మొదటిసారి గడ్డి మీద కాలు పెట్టింది.

"గుచ్చుకుంటోంది."

ఎండిన గరిక మరి. వారం కిందటి వానకు అక్కడక్కడ పచ్చ చుక్కలు.

మే 26, ఆదివారం

రోహిణి కార్తె. రోళ్ళు పగలడం మాట ఏమో గానీ మెట్ల బండ మీద కాలు మోపలేకపోతున్నాం.

మధ్యాహ్నం నిద్ర పట్టక లెక్క వేశాను. నలభై గజాలంటే 360 చదరపు అడుగులు, అంటే ముప్పై మూడు చదరపు మీటర్ల పైచిలుకు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. పెరిగే కాలంలో గడ్డికి వారానికి అంగుళం నీళ్ళు కావాలంటారు. అంగుళం లెక్కన దాదాపు 850 లీటర్లు. వారం వారం. ఈ ఎండాకాలంలో? ట్యాంకరు కోసం ఫోను చేస్తే ఎల్లుండి అంటున్న రోజుల్లో?

పోయను. బతికి ఉండటానికి అంత అక్కర్లేదు. రెండు మూడు వారాలకు ఒకసారి వేళ్ళదాకా దిగేలా ఒక తడి ఇస్తే చాలు దానికి. వంటింట్లో నీళ్ళు వడకట్టే ఫిల్టరు పక్కకు పారబోసే నీళ్ళు ఉన్నాయి. ఆమెకు ఎప్పటి నుంచో మనసుకు కష్టం, ఆ నీళ్ళు మోరీలోకి పోతుంటే. బకెట్ పెట్టి పట్టాం. ఉప్పు ఎక్కువ ఉండే నీళ్ళు అవి. గులాబీకి పోస్తే ఆకు అంచులు మాడాయి. గరిక ఉప్పును బాగానే తట్టుకుంటుంది. ఒక రోజు ఈ మూల, ఒక రోజు ఆ మూల. వాన పడితే ఉప్పు దిగిపోతుంది.

పక్కింట్లో స్ప్రింక్లరు రాత్రి పూట తిరుగుతోంది. రోజూ. పైపైన తడి. ఆకు రాత్రంతా తడిగా ఉంటే బూజు తెగులు రాక మానదు. ఇప్పటికే గుండ్రంగా పసుపు మచ్చలు. చెప్పాలి. నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి...

జూన్ 2, ఆదివారం

చెప్పాను. "తెల్లవారుజామున పోయండి, రోజూ కాదు, నాలుగైదు రోజులకు ఒకసారి నిండుగా పోయండి. వేరు కిందికి దిగుతుంది" అని. ఆయన సెల్‌లో రాసుకున్నారు. పదేళ్ళ రాష్ట్రం పండుగ అని కాలనీ గేటు దగ్గర జెండా ఎగరేసి, లడ్డూలు పంచి, అక్కడే ఈ సంభాషణ.

జూన్ 8, శనివారం

మృగశిర. చేపల పులుసు. పక్క వీధి నుంచి కూడా అదే వాసన.

రెండు మంచి వానలు పడ్డాయి. నేల పదునుకొచ్చింది. నర్సరీ అబ్బాయికి వద్దని చెప్పేశాను. మెక్సికన్ చచ్చిన చోటల్లా దోకుడు పారతో చెక్కేశాను. చెక్కితే మందపాటి చాపలా లేచింది, కింద ఎండుగడ్డి పేరుకుని నీటిచుక్క దిగకుండా అట్ట కట్టుకుని ఉంది. దానికీ ఒక అందం ఉంది, కాదనను. కాకపోతే ఊరికే పెరిగే గడ్డి కాదు. దువ్వాలి, మట్టి చల్లాలి, నీళ్ళు ఆపకూడదు.

ఖాళీ అయినచోట గరిక నాటు. గట్టిగా ఉన్న తీగలు తెంపి, రెండు మూడు కణుపులు ఉండేలా ముక్కలు చేసి, జానెడు దూరంలో, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన. కాలితో అదిమి నీళ్ళు చల్లడం. అంతే. ఏ విత్తనమూ కొనలేదు. ఆమె కుర్చీ గడ్డి అంచుకు వేయించుకుని తీగలు తెంపి ఇచ్చింది.

"మా అమ్మ చూస్తే ఏమనేదో! వేసవి దుక్కి చేసి, గడ్డపారతో తవ్వి, ఎండకు పారేసిన గరికను ఇప్పుడు మనం నాటుతున్నం" అంది.

నాయిన కూడా అంతే. రోహిణిలో లోతుగా దున్నించేవాడు, భూమి లోపలి గరిక కాండాలు పైకి తేలి ఎండకు మాడాలని. అయినా ఎక్కడో ఒక కణుపు మిగిలేది. ఆ కణుపు నుంచి మళ్ళీ. ఆయన చేతుల్లో ఆ కాయలు. చేను వేరు, ఇంటి ముందర వేరు. ఆయనకు ఇది చూపించి ఉంటే ఒప్పుకునేవాడనే అనుకుంటున్నా.

గోడ నీడ మాత్రం వదిలేశాను. గరిక నీడలో రాదు. రోజుకు ఆరు గంటల ఎండ లేనిచోట గడ్డి కోసం పాకులాడకూడదు. అక్కడ నాపరాళ్ళు నాలుగు, సందుల్లో తమలపాకు, ఒక కరివేపాకు.

జూన్ 25, మంగళవారం

ఆరుద్ర పురుగులు! నాట్ల మధ్య మట్టిలో ఎర్రగా, మఖమల్ ముక్కలు కదిలినట్టు. ఈ కాలనీ వచ్చాక ఇక్కడ ఇవి కనిపిస్తాయని అనుకోలేదు. అరచేతిలో పెట్టి ఆమెకు చూపిస్తే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోయింది అది.

మందు కొట్టిన నేలలో ఇవి ఉంటాయా? పక్కింట్లో వెతికాను, గోడ మీదుగా. కనిపించలేదు.

నాట్లు పట్టాయి. ఒక్కో ముక్క నుంచి తీగ బయలుదేరింది.

జూలై 14, ఆదివారం

మొదటి కోత. నెట్టుకుంటూ పోయే చేతి మెషిన్, మోటారు లేనిది. కిరకిర చప్పుడు. బ్లేడు నూరించి తెచ్చాను. మొద్దు బ్లేడుతో కోస్తే ఆకు తెగదు, చిరుగుతుంది. చిరిగిన అంచు తెల్లబడి, రెండో రోజుకు గడ్డంతా పాలిపోయినట్టు కనిపిస్తుంది. నీళ్ళు చాలలేదనుకుని జనం ఇంకా నీళ్ళు పోస్తారు.

మూడో వంతు కన్నా ఎక్కువ ఎప్పుడూ కోయకూడదు. రెండు అంగుళాలకు మించి పెరిగితే అంగుళమున్నరకు దించడం. ఇంకా బారుగా పెరిగిపోయిందా, ఒక్కసారే బోడి చేయకుండా నాలుగు రోజుల తేడాతో రెండు కోతలు. ఆకే కదా దాని వంటిల్లు.

కోసిన పొట్టు ఎత్తి పారేయబోతుంటే ఆపేశాను. అక్కడే ఉండనీ. ఎక్కువ భాగం నీరే, వారంలో కలిసిపోతుంది. ఏడాదికి కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా ఆ పొట్టే తిరిగి ఇస్తుంది. ఊళ్ళో ఎవరూ ఊడ్చి సంచుల్లో కట్టి చెత్తబండికి వేయలేదు పచ్చిగడ్డిని. ఇక్కడ ప్రతి ఆదివారం గేట్ల ముందు నల్ల సంచులు.

ఆమె కర్ర లేకుండా అటు నుంచి ఇటు. కోసిన చాలు వెంబడి. నేను మెషిన్ ఆపి చూస్తే కోప్పడింది: "మీ పని మీరు చేసుకోండి."

జూలై 21, ఆదివారం

లష్కర్ బోనాలు టీవీలో. గౌడవెల్లి దిక్కు నుంచి ట్రాలీ పెంట ఎరువు వేయించుకున్నాం, రెండిళ్ళవాళ్ళం పంచుకున్నాం. బాగా మాగింది, వేలితో నలిపితే పొడి. మాగనిదైతే ఎరువు కాదు, కలుపు విత్తనాల మూట. ఇసుక జల్లెడలో పట్టి, కొంచెం ఎర్రమట్టి కలిపి, గడ్డి కొసలు కనిపించేంత పల్చగా చల్లాను.

యూరియా వేయాలంటే లెక్క ఉంది. ఒక దఫాకు చదరపు మీటరుకు ఐదు గ్రాముల నత్రజని చాలు. యూరియాలో 46 శాతం. మన జాగాకు 360 గ్రాములు, వేసిన వెంటనే నీళ్ళు. అంతకు మించితే మాడుతుంది. ఈసారి పెంటే చాలు. ఆగస్టు చివర చూద్దాం.

ఆగస్టు 4, ఆదివారం

తుంగ. ముక్కోణపు కాడ, నున్నటి ఆకు, గరిక కన్నా రెండింతల వేగం. నిన్న కోసిన గడ్డిలో ఈ పొద్దుకు అదొక్కటే తల ఎత్తి నిలబడింది.

కలుపు తీసే అమ్మ వచ్చింది. ఆమె పద్ధతే వేరు. వాన వెలిసిన మర్నాడే వస్తుంది, మట్టి పట్టు వదులుతుందని. లాగదు. పక్కన కొడవలి మొన దించి, గడ్డతో సహా లేపుతుంది. "లాగితే కాడ తెగుతది సారూ, గడ్డ లోపల్నే ఉంటది. ఒక్క గడ్డ ఉంటే పది పిల్లలు జేస్తది." ఏ పుస్తకమూ ఇంతకంటే బాగా చెప్పలేదు. గడ్డకు గడ్డ, నేల లోపల గొలుసు. ఒక్కసారితో పోదు. రెండు వారాలకొకసారి తీస్తూ పోతే గడ్డలో దాచుకున్న తిండి అయిపోయి నీరసిస్తుంది.

తీసిన గడ్డలు ఆమె (మా ఇంటామె) కడిగి చాటలో ఎండబెట్టింది. తుంగముస్తలు. సున్నిపిండిలోకి.

ఇద్దరూ గడ్డి మీదే కూర్చుని టీ తాగారు. మాటల్లో తెలిసింది, ఆ అమ్మకు ముందు ఈ దగ్గర్లోనే ఎకరం కౌలు పొలం ఉండేదట. వెంచర్ వేశారు. ఇప్పుడు ఆ వెంచర్లోనే కలుపు తీస్తోంది.

అది రాయకుండా ఉండలేను, రాసి ఏం చేయగలను...

ఆగస్టు 11, ఆదివారం

పక్క వీధిలో ఖాళీ ప్లాటుకు గడ్డిమందు కొట్టారు. మోటారు పంపు, ముఖానికి గుడ్డ కూడా లేని కుర్రాడు. నాలుగు రోజుల్లో ప్లాటంతా తుప్పు రంగు. గ్లైఫోసేట్ అయితే 2022 అక్టోబరులోనే కేంద్రం కట్టడి పెట్టింది, శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని. ఆ కుర్రాడికి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. చేతులు సబ్బుతో కడుక్కో బాబూ అని నీళ్ళిచ్చాను.

ఆ ప్లాటులో గునుగు ఉండేది. ఇంకో నెలన్నరలో పూసేది.

నలభై గజాల్లో కలుపు కోసం మందు ఎవరైనా ఎందుకు కొట్టాలి? చేతులున్నాయి. అడిగితే వచ్చే మనిషి ఉంది. కూలి ఇస్తే సరిపోయేదానికి విషం కొంటున్నాం.

సెప్టెంబర్ 1, ఆదివారం

నిన్నటి నుంచి ఆగలేదు. ఖమ్మంలో మున్నేరు ఇళ్ళ మీదికి వచ్చింది. జనం మిద్దెల మీద. టీవీ ముందు నుంచి లేవలేదు ఇద్దరం. తెలిసిన వాళ్ళకు ఫోన్లు. కొందరివి కలవలేదు.

ఇక్కడ మన మూల కొంచెం నీళ్ళు నిలిచాయి, అంతే.

సెప్టెంబర్ 7, శనివారం, వినాయక చవితి

పొద్దున్నే గేటు చప్పుడు. "అంకుల్, గరిక ఉందా?" ఒకరి తర్వాత ఒకరు. మార్కెట్లో పత్రి కట్టలో వచ్చే గరిక వాడిపోయి ఉంటుందని. ఇరవై ఒక్క పత్రాల్లో దూర్వ లేకుండా పూజ లేదు కదా. వారం నుంచి ఒక వార కోయకుండా వదిలాను, కొసలు బెత్తెడు లేచి ఉన్నాయి. పిల్లలకు చూపించాను, మూడు కొసలు కలిసి వచ్చేలా ఎలా తుంచాలో.

ఒక చిన్న పాప, "ఇది మీ లాన్ కదా అంకుల్, తెంపితే పాడవదా?" అంది.

"తెంపితేనే బాగుంటుంది తల్లీ."

పక్కింటాయన కూడా వచ్చారు. వాళ్ళ మెక్సికన్‌లో ఎక్కడా గరిక లేదు, మొత్తం తీయించారు. దోసెడు ఇచ్చాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

ఎంఎంటీఎస్‌లో బొల్లారం. ఆమెకు ఆపరేషన్ తర్వాత మొదటి రైలు. మెట్లు ఎక్కడానికి భయపడింది, ఎక్కింది. ఈ లైను మీద ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. లేకపోతే ఆమెను బస్సులో తీసుకుపోయే ధైర్యం నాకు లేదు.

రాష్ట్రపతి నిలయం. 1860లో కట్టిన భవనం. తొంభై ఎకరాల ఆవరణ. పోయిన ఏడాది మార్చి నుంచి జనానికి ఏడాది పొడవునా తెరిచి ఉంచుతున్నారు. తెల్లవాళ్ళ రెసిడెంటు బస అది ఒకప్పుడు. ఇంటి ముందర గడ్డి పెంచడం అనే అలవాటు మన దిక్కుకు వాళ్ళతోనే వచ్చింది. మన ఇళ్ళ ముందర గడ్డి ఎప్పుడుంది? అలికిన వాకిలి, ముగ్గు. గడ్డి పశువులది.

అక్కడి మాలి ఒకాయన నీడలో కూర్చుని బీరకాయ తొక్కలాంటి గరుకు చేతులతో బీడీ ఆర్పేసి లేచాడు. ఇంత జాగా ఎలా చూస్తారని అడిగితే, "కోసుడే సారూ. టైముకు కోస్తే గడ్డి దానంతటదే మంచిగుంటది" అన్నాడు. ఆ మాట కోసమే అంత దూరం వెళ్ళామనిపించింది.

ఆమె చెట్ల కింద చాలాసేపు నడిచింది. అలసట చెప్పలేదు.

అక్టోబర్ 10, గురువారం

సద్దుల బతుకమ్మ. గునుగు దొరకలేదని కాలనీ ఆడవాళ్ళు మేడ్చల్ మార్కెట్‌కు పోయి కొన్నారు. తంగేడు కండ్లకోయ దిక్కున ఎవరో తెంపుకొచ్చారు. పార్కులో లైట్లు లేవు, బురద. "సార్, మీ ఇంటి ముందు పెట్టుకోమా?" అని అడిగారు. అడగాల్సిన పనేముంది.

బతుకమ్మలు మధ్యలో. చుట్టూ నలభై మంది దాకా. చెప్పులు గేటు బయట గుట్ట. నేను గోడ దగ్గర నాపరాయి మీద కూర్చున్నాను. ఆమె మొదట కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టింది. రెండో పాటకు లేచింది. వలయంలో కలిసింది. వంగింది, లేచింది, అడుగు వేసింది. వంగింది.

నేను గడ్డి గురించి ఏమీ ఆలోచించలేదు.

అక్టోబర్ 13, ఆదివారం

వలయం ఆడినచోట గుండ్రంగా నలిగి ఉంది. పసుపు, పూల రెక్కలు. ఊడ్చి, ఒక తడి ఇచ్చాను. పది రోజుల్లో లేస్తుంది.

అక్టోబర్ 20, ఆదివారం

లేస్తోంది.

నవంబర్ 17, ఆదివారం

అబ్బాయి ఫోను. టెక్సాస్‌లో ఇంటి ముందు గడ్డి బాగా పెరిగిందని వాళ్ళ కాలనీ సంఘం నుంచి కాగితం వచ్చిందట, కోయకపోతే జరిమానా అని. ఊళ్ళో లేని మూడు వారాల్లో పెరిగింది. "ఏం గడ్డిరా అది?" అన్నాను. వీడియోలో చూపించాడు. అదే కణుపు, అదే తీగ. ప్యాకెట్లో విత్తనం కొని చల్లిందట. మంచు పడగానే గోధుమ రంగుకు తిరుగుతుంది, మార్చి దాకా అంతే అన్నాడు.

"చచ్చిందని పీకేయకు" అన్నాను. "తెలుసు నాన్నా" అన్నాడు.

వాడికి ఎవరు చెప్పారు? నేనెప్పుడూ చెప్పలేదు. తాత చేను గుర్తుండి ఉంటుందా...

నవంబర్ 24, ఆదివారం

కాలనీ సంఘం మీటింగు. పార్కు 600 గజాలు. నర్సరీ కొటేషన్ చదివారు, మెక్సికన్ పరచడానికి, దానికి నెలనెలా మందులకు, మనిషికి. చాలామంది తల ఊపారు.

నేను లేచి నీళ్ళ లెక్క ఒక్కటే చెప్పాను. 600 గజాలంటే 500 చదరపు మీటర్లు. వారానికి అంగుళం అంటే 12,500 లీటర్ల పైన. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండున్నర, ప్రతి వారం, ఎండాకాలమంతా. మెక్సికన్ ఎండి చస్తే మళ్ళీ అదే ఖర్చు. గరికను ఎండనివ్వవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పార్కు గోధుమ రంగులో ఉంటుంది, దానికి అందరూ ఇప్పుడే ఒప్పుకోవాలి. నీడ ఉన్న మూల గడ్డి వద్దు, పిల్లలకు ఇసుక వేద్దాం. గేటు పక్క కొంత జాగా తవ్వకుండా వదిలితే గునుగు, తంగేడు వేసుకోవచ్చు, బతుకమ్మకు మార్కెట్‌కు పోనక్కర్లేదు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పక్కింటాయన లేచి, "చవితికి నేను వాళ్ళింటి గరికే తెచ్చుకున్నాను. సార్ చెప్పింది చేద్దాం" అన్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి గునుగు మాటకే ఎక్కువ చప్పట్లు.

తీర్మానం రాశారు. పార్కులో గరికే. వచ్చే మృగశిరకు నాట్లు, తీగలు మా ఇంటి నుంచి. గడ్డిమందు కొట్టకూడదు. చేతి మెషిన్ సంఘం డబ్బుతో. కలుపు తీయడానికి మా ఇంటికి వచ్చే అమ్మనే పెట్టుకోవాలని నేను చేర్పించాను. రోజు కూలి ఎంతో ఈ రోజు తేలలేదు. డిసెంబర్ మీటింగులో తేల్చాలి, తక్కువ చేయకుండా.